గాజు తొట్టెలో ఎర్ర రొయ్యల సంసారం

రొయ్యలంటే మనకు ముందుగా గుర్తొచ్చేది చింతచిగురు రొయ్యలు, లేదంటే గోంగూర రొయ్యలు. చీరాల, వేటపాలెం, కొత్తపట్నం వైపు వాళ్ళకయితే చెరువుల్లో తిరిగే ఏరేటర్ల చప్పుడూ గుర్తొస్తుంది. అంతేగానీ వండుకోవడానికి కాకుండా కళ్ళారా చూసుకోవడానికి రొయ్యల్ని పెంచుకుంటారంటే ‘ఇదేం సరదా తల్లీ!’ అనిపిస్తుంది కదూ? అంగుళం మించని, పండుమిరప రంగులో మెరిసిపోయే ఈ బుజ్జి రొయ్యల్ని ఒక్కసారి చూస్తే మాత్రం ఆ మాట అనరు. నాచు మీద కూర్చుని, చిట్టి చేతులతో ఏదో ఏరి నోట్లో పెట్టుకుంటూ క్షణం ఖాళీగా వుండవు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ఇల్లాలిలా ఎప్పుడు చూసినా పనిలోనే వుంటాయి.

వీటికి కావలసిన చోటు తక్కువ, తిండి తక్కువ. చప్పుడుండదు, వాసనుండదు. నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళొచ్చినా కంగారు లేదు. పరిస్థితులు కుదిరితే వాటంతటవే పిల్లల్ని పెట్టి, ఏడాది తిరిగేసరికి తొట్టె నిండిపోతుంది.

అయితే వేరే ఊళ్ళో వీటిని పెంచడం ఒక ఎత్తు, పత్తీ మిరపా పండే మన గుంటూరు, ప్రకాశం మైదానంలో పెంచడం ఒక ఎత్తు. రోళ్ళు పగిలే ఎండలు, ఉప్పు తేలే బోరు నీళ్ళు మన దగ్గర మామూలే. వాటికి తోడు పురుగుమందు. ఇంట్లో సేద్యం లేకపోయినా మందు ఏదో ఒక దారిన మన గుమ్మం తొక్కుతూనే వుంటుంది. ఎండకీ ఉప్పుకీ ఉపాయాలున్నాయి. మందుకి మాత్రం ఉపాయం ఒక్కటే, దాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడం. అందుకే మనవైపు రొయ్యల తొట్టె నిలబడిందంటే ఆ ఇంటి శుభ్రతకి అదో గుర్తు.

పుట్టిల్లు ఎక్కడ?

వ్యాపారులు ‘చెర్రీ రొయ్య’ అని పిలిచే ఈ రకం శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. 19వ శతాబ్దంలో చైనాలో మొక్కల్నీ జంతువుల్నీ సేకరించిన ఫ్రెంచి మతగురువు అర్మాండ్ డేవిడ్ పేరే దీనికి పెట్టారు. తూర్పు చైనా, తైవాన్, కొరియాల వాగులూ చెరువులూ దీని పుట్టిల్లు. అక్కడ ఇది మట్టి రంగులో వుండే మామూలు రొయ్యే. తైవాన్ పెంపకందారులు కాస్త ఎరుపు జీరవున్న వాటిని ఏరి, వాటి పిల్లల్లో మరింత ఎర్రనివాటిని మళ్ళీ ఏరి, తరాల తరబడి అలా చేయగా ఈ ఎరుపు స్థిరపడింది. ఇదే పద్ధతిలో పసుపు, నారింజ, నీలం, నలుపు రంగులూ వచ్చాయి. మన ఆడవాళ్ళు పెరటి బంతిపూలలో ముద్దపూల విత్తనం దాచుకుంటూ వచ్చినట్టే ఇదీను!

అక్వేరియంలో నాచు తినడానికి రొయ్యల్ని వదలవచ్చని 1980లలో ప్రచారంలోకి తెచ్చింది జపాన్‌కి చెందిన ఫొటోగ్రాఫర్ తకాషి అమానో. ఆయన 2015లో కన్నుమూశారు. ‘అమానో రొయ్య’ అని ఆయన పేరుతోనే ఒక రకం వుంది. కాకపోతే అది మంచినీటి తొట్టెలో పిల్లల్ని నిలబెట్టుకోలేదు. కొత్తవాళ్ళకి తగినది చెర్రీ రొయ్యే. రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల ఇవి దొరుకుతాయి. మన పట్టణాల్లోనూ అడిగితే కొన్ని అక్వేరియం షాపులవాళ్ళు తెప్పించి ఇస్తారు.

హేచరీ అక్కర్లేని కాన్పు

మన తీరంలోని హేచరీల్లో రొయ్యపిల్ల తయారవడం ఎంత పెద్ద తతంగమో ఆ వైపు వాళ్ళకి తెలుసు. టైగరయినా వెనామీ అయినా గుడ్డులోంచి వచ్చిన పిల్ల రొయ్యలా వుండదు. కంటికి ఆనని పురుగులా వుండి రూపాలు మార్చుకుంటూ పోతుంది. దానికి ఉప్పునీరు కావాలి, గంట గంటకీ మేత కావాలి. మంచినీటిలో బతికే నీలకంఠ రొయ్య పిల్లలకి కూడా తొలిరోజుల్లో ఉప్పు కలిసిన నీరు తప్పదు.

చెర్రీ రొయ్యకి ఈ బాధలేవీ లేవు. గుడ్డులోంచి వచ్చేది అచ్చు తల్లిలాంటి రొయ్యే, సుమారు రెండు మిల్లీమీటర్లుంటుంది, అంతే! అదే తొట్టెలో, అదే నాచు మీద, మొదటి రోజు నుంచీ తన తిండి తనే వెతుక్కుంటుంది.

ఆడదాన్ని గుర్తుపట్టడం తేలిక. మగదానికంటే పెద్దది, రంగు చిక్కన, పొట్ట కింద గుండ్రంగా వుంటుంది. ఈడొచ్చాక మెడ వెనక, గుర్రం మీద జీను వేసినట్టు, పసుపు పచ్చని మచ్చ కనిపిస్తుంది. లోపల తయారవుతున్న గుడ్లే అవి. పెంకు వదిలిన వెంటనే మగదానితో జతకడుతుంది. గుడ్లు పొట్ట కిందికి చేరతాయి. ఒక్కో కాన్పుకి ఇరవై, ముప్పై గుడ్లు. మూడు నాలుగు వారాలపాటు తల్లి వాటిని కిందనే మోస్తూ, ఈతకాళ్ళని విసనకర్రలా ఆడిస్తూ, వాటికి గాలి తగిలేలా చూస్తుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో ఈడుకొస్తాయి. ఒక రొయ్య ఆయుష్షు ఏడాది, మహా అయితే రెండేళ్ళు. కాబట్టి పెంపకమంటే ఒక్కో రొయ్యని కాపాడుకోవడం కాదు, ఆ వంశం నిలబడేలా చూడడం.

తోడు పెట్టి, ఓపిక పట్టి...

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు వున్న గాజు తొట్టె తీసుకోండి. యాభై లీటర్ల పైన నీళ్ళు పడతాయి. చూడముచ్చటగా వుంటుందని చిన్న గాజు గిన్నెలో మాత్రం పెంచకండి. నీళ్ళు ఎంత తక్కువుంటే అంత తొందరగా వేడెక్కుతాయి, అంత తొందరగా చెడిపోతాయి. అడుగున కడిగిన సన్న గులకరాళ్ళు పరవండి. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు పెట్టండి. మోటారుతో లాగే ఫిల్టరయితే పిల్లల్ని లోపలికి గుంజేస్తుంది. కరెంటు పోతుంటే బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోండి. జావా నాచు అని షాపుల్లో దొరుకుతుంది, నాలుగు గుప్పిళ్ళు తెచ్చి వేయండి. పిల్లలకి అదే ఊయల, అదే వంటిల్లు.

కాలవలోనో చెరువులోనో దొరికే పాచి తెచ్చి వేస్తే సరిపోదా అంటారేమో! వద్దు. దాంతోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తాయి. అవి రొయ్యపిల్లల్ని వేటాడి తినేస్తాయి. పొలాల మీంచి పారిన నీళ్ళలో పెరిగిన పాచిలో మందు అవశేషాలూ వుండొచ్చు.

నీళ్ళు నింపిన రోజే రొయ్యల్ని వదలకండి. చాలామంది తొట్టెలు ఇక్కడే ఖాళీ అవుతాయి. రొయ్య విసర్జించిన దాంట్లోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు స్పాంజిలోనూ రాళ్ళ మీదా స్థిరపడాలి. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకున్నట్టే అనుకోండి. తోడు లేకుండా పాలు పెరుగవవు, తోడు వేశాక తొందరపెట్టినా లాభం లేదు. ఆరోగ్యంగా వున్న పాత తొట్టె స్పాంజిని మీ తొట్టెలో పిండితే అదే తోడు. రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ వుండండి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాకే రొయ్యలు. పరీక్ష కిట్లు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి.

మన నీళ్ళ సంగతి

గుంటూరు వాళ్ళకి కృష్ణ నీరు, ఒంగోలు వాళ్ళకి సాగర్ కాలవ నీరు కుళాయిల్లో వస్తాయి. ఈ నీళ్ళు రొయ్యలకి ఫరవాలేదు, చిక్కల్లా క్లోరిన్‌తోనే. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఒక రోజంతా మూత లేకుండా వుంచితే చాలావరకు పోతుంది. గాలి పంపు పెడితే ఇంకా మంచిది. ‘రాగి బిందెలో నిలవుంచిన నీళ్ళు ఆరోగ్యం కదా’ అని అవి పోసేరు సుమా! రాగి మనకు మంచిదేమోగానీ రొయ్యకి విషం. ఇత్తడి బిందెలోనూ రాగి వుంటుంది. ఆ నీళ్ళూ వద్దు.

ఇక బోరు నీళ్ళు. పడమటి ప్రకాశంలో కనిగిరి, దర్శి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య మనకు తెలిసిందే. మైదానంలో చాలా చోట్ల బోర్లలో లవణాలు ఎక్కువ. నీళ్ళలో కరిగిన లవణాల లెక్కని టీడీఎస్ అంటారు. పెన్నులాంటి చిన్న మీటరుతో ఇంట్లోనే చూసుకోవచ్చు. చెర్రీ రొయ్యకి 150 నుంచి 300 మధ్య వుంటే హాయి. వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్ళలో లవణాలు మరీ తక్కువ. పెంకు కట్టుకోవడానికి కావలసిన కాల్షియం అందులో వుండదు. కాబట్టి రెండూ కలుపుకోవాలి. ఉదాహరణకి మీ బోరు నీళ్ళు 900, క్యాన్ నీళ్ళు 50 అనుకోండి. మూడు బిందెల క్యాన్ నీళ్ళకి ఒక బిందె బోరు నీళ్ళు కలిపితే సుమారు 260 వస్తుంది. టీడీఎస్ సరిపోయినంత మాత్రాన కాల్షియం వున్నట్టు కాదు, ఉత్త ఉప్పయినా కావచ్చు. అందుకని నీటి కాఠిన్యం చూసే పరీక్ష కూడా ఒకసారి చేయండి. పొలం గట్టున వున్న బోరు నీళ్ళు వాడకపోవడమే క్షేమం.

కొత్త రొయ్యల్ని తెచ్చిన రోజు కవరు విప్పి తొట్టెలో గుమ్మరించకండి. కవరులోని నీళ్ళతో సహా చిన్న గిన్నెలో పోసి, కొత్త సెలైన్ గొట్టం ద్వారా తొట్టె నీళ్ళు చుక్క చుక్కగా గంటా రెండు గంటలపాటు పడనివ్వండి. తర్వాత వలతో తీసి వదలండి. మొదట పది, పదిహేను చాలు.

మందు గాలి సోకితే...

రైతులు కొట్టే మందులు చంపేది పురుగుల్ని కదా, రొయ్యకేంటి బాధ అనిపించవచ్చు. పురుగుకీ రొయ్యకీ దగ్గరి చుట్టరికం. రెండూ కీళ్ళ కాళ్ళున్న జీవులే, రెండూ పైపెంకు వదులుతూ పెరిగేవే. పురుగు నరాల మీద పనిచేసే మందు రొయ్య నరాల మీదా అలాగే పనిచేస్తుంది. పత్తికి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందులయితే లీటరు నీటిలో గ్రాములో పదిలక్షల వంతు కలిసినా రొయ్యలు చనిపోతాయి. చేపలు తట్టుకున్నా రొయ్యలు తట్టుకోలేని మందులూ వున్నాయి. మనవైపు రైతులు చాలామంది మిరపకి తెగుళ్ళ కోసం కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో వున్నది రాగే!

ఈ మందుల కథ మన జిల్లాలకి కొత్త కాదు. 1980లలో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చినప్పుడు వాటిని విపరీతంగా వాడారు. 1987లో తెల్లదోమ విరుచుకుపడి పత్తి రైతుల్ని నిలువునా ముంచింది. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చింది. ఆ తర్వాత 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడితే, ఏ మందు పనిచేస్తుందో తెలియక రైతులు దొరికినవన్నీ కొట్టారు. ఈ మందు చేలోనే ఆగిపోదు. బట్టల మీద, చేతుల మీద, ఖాళీ డబ్బాల్లో ఇంటికి నడిచొస్తుంది.

కాబట్టి రొయ్యల తొట్టె వున్న ఇంట్లో కొన్ని కట్టుబాట్లు తప్పవు. చూడండి, ఇవి రొయ్యల కోసం చెబుతున్నా అన్నీ పిల్లల కోసం కూడా పాటించదగ్గవే.

మందు కొట్టి వచ్చిన మగవాళ్ళు ముందు స్నానం చేయాలి, తర్వాతే ఇంట్లో వస్తువులు ముట్టుకోవాలి. ఆ బట్టలు మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకాలి. స్ప్రేయరు బావి దగ్గరా బోరు దగ్గరా కడగకూడదు. ఖాళీ అయిన మందు డబ్బాలూ డ్రమ్ములూ ఎంత కడిగినా సరే, నీళ్ళకీ పప్పులకీ వాడకూడదు. చేలో కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళకీ ఇదే మాట. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే వంటయినా, తొట్టెలో చెయ్యయినా.

మందు అంటే చేలో కొట్టేదే కాదు. దోమల చుట్టలు, ప్లగ్గులో పెట్టే దోమల ద్రావకం, బొద్దింకల చాక్‌పీసు, బొద్దింకల స్ప్రే, చాలావాటిలో వుండేది అదే పైరిత్రాయిడ్ల జాతి మందు. తొట్టె వున్న గదిలో ఇవి పెట్టకండి. గాలి పంపు ఆ గదిలోని గాలినే పీల్చి నీళ్ళలోకి పంపుతుంది. దోమతెర కట్టుకుంటే మనకీ మేలు, రొయ్యకీ మేలు. ‘వేపాకు సహజమే కదా’ అని అదీ వేయకండి. వేపలోని అజాడిరాక్టిన్ పురుగులు పెంకు వదలకుండా అడ్డుకుంటుంది. పెంకు వదలడమే ప్రాణమైన రొయ్యకి అది మంచిది కాదు.

వంటింటి నుంచి ఇంకో ప్రమాదం వుంది. 1994లో మన కోస్తాలో చెరువులకి చెరువులు ఊడ్చిపెట్టిన తెల్లమచ్చ తెగులు గుర్తుండే వుంటుంది. ఆ వైరస్ మనుషుల్నేమీ చేయదుగానీ మంచినీటి రొయ్యలకీ పీతలకీ కూడా సోకగలదు. కూరకి తెచ్చిన రొయ్యలు వలిచిన చేత్తో, కడగకుండా తొట్టె జోలికి వెళ్ళకండి. ఆ నీళ్ళు తొట్టె దరిదాపుల్లో పడనివ్వకండి.

ఎందుకు చనిపోయాయి?

రొయ్య చనిపోగానే మందే కారణమనుకుని భయపడనక్కర్లేదు. తీరు చూసి ఊహించవచ్చు. బాగా తిరుగుతున్నవన్నీ ఒక్క రోజులో గిలగిలా కొట్టుకుంటూ, పల్టీలు కొడుతూ వెల్లకిలా పడితే ఏదో విషం సోకిందని అనుమానించాలి. వెంటనే సగం నీళ్ళు, అదే టీడీఎస్, అదే వేడి వున్న మంచి నీళ్ళతో మార్చండి. ఆ ముందు రోజు ఇంట్లో ఏం చల్లారో, ఎవరు తొట్టెలో చెయ్యి పెట్టారో గుర్తు చేసుకోండి. వారానికి ఒకటి చొప్పున పోతుంటే అమ్మోనియాని పరీక్షించండి. తలకీ నడుముకీ మధ్య చుట్టూ తెల్లని గీత పడి చనిపోతే పెంకు వదలలేకపోయిందన్నమాట. నీళ్ళలో కాల్షియం చాలకపోవడమో, ఒకేసారి ఎక్కువ నీళ్ళు మార్చడమో కారణం కావచ్చు. మధ్యాహ్నాలు పైకి తేలి మందకొడిగా వుంటే వేడి ఎక్కువైనట్టు.

ఇంకో మాట. రొయ్యని చంపిన మోతాదు మనిషిని ఏమీ చేయకపోవచ్చు, అది మనకంటే ఎన్నో రెట్లు సున్నితం. కాకపోతే మందు ఇంట్లోకి రావడానికి దారి వుందని మాత్రం అది చెప్పినట్టే. ఆ దారి వెతికి మూసేయడం మన పని.

మే నెల గడిచేదెలా?

రెంటచింతల ఎండలు పేపర్లో చూస్తూనే వుంటాం. నలభై అయిదు డిగ్రీలు దాటిన రోజులున్నాయి. చెర్రీ రొయ్యకి 22 నుంచి 26 డిగ్రీల నీరు ఇష్టం. 30 దాటితే గుడ్లు పెట్టడం తగ్గుతుంది. ఇంకా పెరిగి రోజుల తరబడి అలాగే వుంటే ప్రాణానికే ముప్పు. వేడి నీళ్ళలో గాలి తక్కువగా కరుగుతుంది కాబట్టి ఉక్కిరిబిక్కిరవుతాయి.

తొట్టెని ఉత్తరం గదిలో, ఎండ పడని చోట, తక్కువ ఎత్తు బల్ల మీద పెట్టండి. డాబా కింద గది వద్దు. మూత తీసి సన్నని వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి. నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది, మట్టికుండ సూత్రమే. పల్నాడు పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంత గుణం కనిపించదు. తడి గోనెపట్టా తొట్టె వెనకా పక్కలా చుట్టినా మంచిదే. ఐసుముక్కలు మాత్రం నేరుగా వేయకండి. ఒక్కసారిగా వేడీ చలీ మారితే తట్టుకోలేవు. ఆవిరైన నీటి చోట క్యాన్ నీళ్ళే పోయండి. నీళ్ళు ఆవిరవుతాయిగానీ లవణాలు తొట్టెలోనే వుండిపోతాయి. మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే నెల తిరిగేసరికి ఉప్పు కయ్యవుతుంది!

పెంపకం మొదలుపెట్టడానికి దసరా దాటాక మంచి కాలం. అయితే మన చేలల్లో మందు కొట్టే రోజులూ అవే. చేల పక్కనే ఇల్లయితే కొట్టే పూట కిటికీలు మూసి, కాసేపు తొట్టె మీద మూత వేసి వుంచండి.

ఏం పెట్టాలి?

సగం తిండి తొట్టెలోనే వుంటుంది. నాచు మీదా రాళ్ళ మీదా పేరుకునే కంటికి కనిపించని పొరే వాటి అసలు భోజనం. పైనుంచి వారానికి మూడు నాలుగు సార్లు, రెండు గంటల్లో తినేసేంత పెడితే చాలు. మిగిలినది తీసేయాలి. మేత ఎక్కువైతే నీళ్ళు పాడవుతాయి, తెల్లటి సన్నపురుగులు పుడతాయి. రొయ్యలు ఆకలితో చనిపోవడం అరుదు, మనం ప్రేమతో ఎక్కువ పెట్టడం వల్ల చనిపోవడమే ఎక్కువ.

పెరట్లో మందు కొట్టకుండా పెంచిన పాలకూర, మునగాకు, దోసముక్క వేడినీళ్ళలో రెండు నిమిషాలు వుంచి, చల్లార్చి వేయండి. బజారు ఆకుకూరల మీద మందు అవశేషాలుండొచ్చు, ఎంత కడిగినా నమ్మకం లేదు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో మహిళా సంఘాల ద్వారా ప్రకృతి సేద్యం సాగుతోంది. మీ దగ్గరలో అలా పండించేవాళ్ళుంటే వాళ్ళ దగ్గర కొనండి. పెరటి బాదం చెట్టు ఆకు దొరికితే అదృష్టమే. రాలిన ఎండు బాదం ఆకు కడిగి తొట్టెలో వేస్తే మెల్లగా నానుతూ, దాని మీద పేరే పొర రొయ్యపిల్లలకి విందవుతుంది. నీళ్ళు తేనె రంగుకి తిరిగినా కంగారు పడకండి.

రొయ్య వదిలేసిన పెంకు తెల్లగా తేలుతూ కనిపిస్తే చచ్చిందనుకుని పారేయకండి. అలాగే వుంచితే తినేసి అందులోని కాల్షియం మళ్ళీ తీసుకుంటాయి. వారానికొకసారి పదోవంతు నీళ్ళు మార్చండి. స్పాంజిని కుళాయి కింద రుద్దకుండా, తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. లేదంటే నెలరోజులు తోడేసిన సూక్ష్మజీవులు క్లోరిన్‌కి బలైపోతాయి.

రంగు నిలవాలంటే

ఎర్రవీ నీలివీ పసుపువీ కలిపి పెంచితే ఇంద్రధనుస్సులా వుంటుందనుకుంటాం. అవి అన్నీ ఒకే జాతి. కలిసి పిల్లల్ని పెడితే నాలుగు తరాలకి మళ్ళీ పుట్టింటి మట్టి రంగుకే వెళ్ళిపోతాయి. ఒక తొట్టెలో ఒకే రంగు వుంచండి. రంగు వెలిసిన వాటిని ఏరి వేరే తొట్టెలో వేయండి. ఏళ్ళ తరబడి అవే రక్తసంబంధాలు కాకుండా, ఏడాదికోసారి వేరే చోట నుంచి అదే రంగు రొయ్యలు నాలుగైదు తెచ్చి కలపండి. చేపలు వద్దు. నోట్లో పట్టే పిల్లని ఏ చేపా వదలదు.

అమ్ముకోవచ్చా?

తొట్టె నిండాక ఎవరికైనా వచ్చే ఆలోచనే. దగ్గరలోని షాపుకి ఇవ్వొచ్చు, తోటి పెంపకందారులకి అమ్మొచ్చు. ఒడిశాలోని దేవ్‌గఢ్ జిల్లా బార్కోట్ ప్రాంతంలో, భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలచరాల పరిశోధన సంస్థ సాయంతో గ్రామీణ మహిళలు సిమెంటు తొట్లలో రంగుచేపలు పెంచి అమ్ముతున్నారు. ఆ సంస్థకి విజయవాడలోనూ ప్రాంతీయ కేంద్రం వుంది. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో స్త్రీలకి సముద్రపు రంగురొయ్యల పెంపకంలో శిక్షణ ఇచ్చారు. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్లకి చోటిచ్చారు, అందులో మహిళలకి సబ్సిడీ 60 శాతంగా పెట్టారు. వివరాలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు.

కానీ ‘పిల్ల మేమిస్తాం, పెరిగాక మేమే కొంటాం, లక్షలు మీవే’ అని ఎవరైనా వస్తే మాత్రం దణ్ణం పెట్టి పంపేయండి. ఈము పక్షుల పేరుతో ఇలాంటి మాటలే చెప్పిన కంపెనీలు తమిళనాడులో 2012లో కుప్పకూలాయి. మన రాష్ట్రంలోనూ ఈములు పెంచినవాళ్ళు నష్టపోయారు. రొయ్యల మీద అప్పు చేయకండి. ఒక తొట్టె రెండు వేసవులు నిలబడ్డాకే రెండో తొట్టె మాట.

ఎక్కువయ్యాయని కాలవలోనో చెరువులోనో వదలడం అసలు వద్దు. హవాయి, జర్మనీ, పోలెండ్‌లలో ఇలా బయటికి చేరినవి అక్కడి నీళ్ళలో స్థిరపడిపోయాయి. మన వాగుల్లో మన రొయ్యలున్నాయి, వాటి చోటు వాటికుండనిద్దాం. తొట్టెలోంచి తీసిన నీళ్ళు మొక్కలకి పోయండి, గులాబీలకి మంచి ఎరువు.

ఇవి గుర్తుంచుకోండి

* నాలుగు నుంచి ఆరు వారాలు తొట్టె తోడుకున్నాకే రొయ్యలు.
* రాగి, ఇత్తడి పాత్రలు దూరం.
* తొట్టె గదిలో దోమల మందు, బొద్దింకల మందు వద్దు.
* చేతులు సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా నీళ్ళతో మళ్ళీ కడిగి, అప్పుడే తొట్టెలో పెట్టండి.
* ఆవిరైన నీటికి బదులు క్యాన్ నీళ్ళు, మార్చే నీటికి కలిపిన నీళ్ళు.
* మేత తగ్గించండి, ఓపిక పెంచండి.

దసరా సెలవుల్లో తొట్టె కడిగి నీళ్ళు నింపండి. కార్తీకం వెళ్ళేసరికి రొయ్యలు తెచ్చుకోవచ్చు. అంతా సవ్యంగా సాగితే, శివరాత్రి నాటికి నాచులో ఆవగింజంత ఎర్ర చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. పిల్లల్ని పిలిచి లెక్కపెట్టమనండి. లెక్క తేలదు, అయినా వాళ్ళు తొట్టె వదలరు!